‘అనవసరం’ అన్నది ఎవరి మాట?

గర్భసంచి తీసివేత మీద గత పదిహేను, ఇరవయ్యేళ్లలో మన దేశంలో వచ్చిన ప్రజారోగ్య పరిశోధనను దగ్గర పెట్టుకుని చదివితే ఒక విశేషణం పదేపదే ఎదురవుతుంది. ‘అనవసరమైన’ ఆపరేషన్లు. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల శీర్షికలోనూ ఆ మాటే ఉంది. డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించినప్పుడు, పత్రికలన్నీ ఆ మాటనే పతాక శీర్షిక చేశాయి. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఆ ఆపరేషన్లను సమర్థించడం నా ఉద్దేశం కాదు. వాటిలో చాలా భాగం జరగకూడనివేనని పరిశోధకులు చెబుతున్నదాన్ని నేను నమ్ముతున్నాను. కానీ ‘అనవసరం’ అన్నప్పుడు ఆ స్త్రీ ఆసుపత్రికి ఎందుకు వెళ్లిందో ఆ కారణం కూడా అందులో కొట్టుకుపోతోంది. ఆమె నొప్పి, నెలకు పన్నెండు రోజులు ఆగని రక్తం, కూలికి పోలేని రోజులు, ఇవి కూడా అనవసరం ఖాతాలోనే పడిపోతున్నాయి.

ముందు లెక్కలు చూద్దాం. ఇవి మన లెక్కలే కాబట్టి కాస్త నిలబడి చూడాలి. 2015–16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మొదటిసారిగా ఈ ప్రశ్న దేశమంతటా స్త్రీలను నేరుగా అడిగారు. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో 8 శాతానికి దగ్గర. 2019–21లో జరిగిన ఐదో సర్వేలో కూడా ఈ వరస మారలేదు, మొదటి రెండు స్థానాలూ మనవే. ఆపరేషన్ నాటికి మధ్యస్థ వయసు 34 ఏళ్లు. అంటే సగం మంది అంతకన్నా చిన్నవాళ్లు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. ఎందుకు తీయించుకున్నారంటే సగానికి పైగా చెప్పిన జవాబు ఒకటే: అధిక రక్తస్రావం లేదా నొప్పి. క్యాన్సర్ అని చెప్పినవారు బహు తక్కువ.

సాహిత్యం చదివేవాళ్లకు ప్రశ్నాపత్రం కూడా ఒక పాఠ్యమే. కథను చదివినట్టే దాన్నీ చదవొచ్చు: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరిని మాట్లాడనిస్తున్నారు, ఏది అడగలేదు. ఈ సర్వే అడిగేది ఇంతే: గర్భసంచి తీశారా, ఎన్నేళ్లయింది, ఎక్కడ తీశారు, ఎందుకు తీశారు. ‘ఎందుకు’ అన్నదానికి ముందే తయారుగా పెట్టుకున్న జవాబులున్నాయి. రక్తస్రావం, కణితులు, సంచి జారడం, క్యాన్సర్, స్రావం వగైరా. అన్నీ శరీరానికి చెందిన కారణాలు. తీయమని ఎవరు చెప్పారు, ముందు మందులు ఇచ్చి చూశారా, డబ్బు ఎక్కడిది, ఇంట్లో ఎవరు సంతకం పెట్టారు, అన్న ప్రశ్నలకు గడులు లేవు. స్త్రీ నోట వచ్చిన జవాబని మనం చదువుతున్నది, చాలాసార్లు డాక్టరు ఆమెకు చెప్పిన కారణమే. ఆమె దాన్ని గుర్తుపెట్టుకుని తిరిగి అప్పజెప్పింది.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది మరో లోటు. అండాశయాలు ఉంచారా తీశారా అన్న ప్రశ్న ఆ పత్రంలో లేదు. వైద్యపరంగా ఇది చిన్న తేడా కాదు. గర్భసంచి తీస్తే ముట్టు ఆగుతుంది, అంతే. అండాశయాలు తీస్తే ముప్పయి మూడేళ్ల ఆడమనిషికి రాత్రికి రాత్రే ముట్లుడుగుతుంది. ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకలు, గుండె, నిద్ర, జ్ఞాపకం అన్నిటి మీదా దాని దెబ్బ ఉంటుంది. ఒక్క సంచి మాత్రమే తీసినా పూర్తిగా క్షేమమని అనలేం. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందుగానే పనిచేయడం మానేస్తాయని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. అమెరికాలో మేయో క్లినిక్ పరిశోధకులు, అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసిన 2,094 మందిని, అదే వయసున్న మరో అంతమందితో పోల్చి, సుమారు 22 ఏళ్ల ఆరోగ్య చరిత్ర చూసి 2018లో ప్రచురించారు. 35 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవాళ్లలో గుండె వైఫల్యం ముప్పు నాలుగున్నర రెట్లు, గుండె రక్తనాళాల జబ్బు ముప్పు రెండున్నర రెట్లు కనబడింది. కారణం ఆపరేషనేనా, ఆపరేషన్‌కు దారితీసిన అసలు సమస్యా అన్నది ఇలాంటి అధ్యయనం పూర్తిగా తేల్చలేదు. పైగా అది ఎక్కువగా తెల్లవాళ్లున్న ఒక కౌంటీ. అక్కడి రెట్లను తెచ్చి ఇక్కడ యథాతథంగా అతికించడం తప్పు. కానీ అక్కడ ‘35 లోపు’ అన్నది ఓ మూలన ఉన్న చిన్న గుంపు. మన దగ్గర సగానికి పైగా ఆ గుంపులోనే ఉన్నారు.

ఇక్కడ భాష సంగతి కూడా మాట్లాడాలి. పుస్తకాల్లో గర్భాశయం, మాటల్లో గర్భసంచి. ఆశయం అంటే నిలయం, చోటు. సంచి అంటే సంచే. కూరగాయలు తెచ్చాక మడిచి పక్కన పెట్టేది, చిరిగితే పారేసేది. పిల్లలు పుట్టేశాక ఖాళీ సంచి ఎందుకు అన్న తర్కం ఆ మాటలోనే సిద్ధంగా ఉంది. డాక్టరుకు పెద్దగా శ్రమ లేదు. అండాశయాల విషయం ఇంకా అన్యాయం. రోజువారీ తెలుగులో వాటికి నేను విన్న పేరే లేదు. ముట్టుకు ఎన్ని పేర్లున్నాయి మనకి! బయట చేరడం, దూరం ఉండడం, మైల, అంటు. అంటరానితనాన్ని మోసే మాటలు ఇన్ని పుట్టించుకున్న భాష, ఆడమనిషి ఒంట్లో రోజూ పనిచేసే రెండు అవయవాలకు వాడుకలో ఒక్క మాట ఉంచుకోలేదు. పేరు లేనిదాన్ని ఉంచారా తీశారా అని ఏమని అడుగుతుంది?

మా చిన్నమ్మ కూతురికి ముప్పై మూడో ఏట జిల్లా కేంద్రంలోని ఒక నర్సింగ్ హోంలో ఈ ఆపరేషన్ అయింది. ‘తీయించేసుకున్నానక్కా, పీడ విరగడైంది’ అంది ఫోన్లో. నిజంగానే సంతోషంగా అంది. నాలుగేళ్ల తర్వాత ఒళ్లు భగ్గుమంటోందనీ, రాత్రి నిద్ర లేదనీ, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయనీ చెప్పింది. డిశ్చార్జి కాగితం ఉందా అని అడిగితే రేషన్ కార్డు, పాస్‌బుక్కు ఉన్న ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఇచ్చింది. ఇంగ్లీషులో ఒక్క వరస: టి.ఏ.హెచ్. విత్ బి.ఎస్.ఓ. మొదటి మూడక్షరాలు గర్భసంచి తీసినందుకు. తర్వాతి మూడు, రెండు అండాశయాలూ వాటి నాళాలూ కూడా తీసేసినందుకు. ఆమె డిగ్రీ చదివింది. ఆ కాగితాన్ని నాలుగేళ్లు భద్రంగా దాచుకుంది. అందులో ఏముందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె చేత సంతకం పెట్టించిన కాగితం కూడా ఇంగ్లీషులోనే ఉంది.

ఇది చదువురాని పల్లెటూరి స్త్రీ అమాయకత్వం కథ కాదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

మన రెండు రాష్ట్రాలే ఎందుకు ముందున్నాయన్నదానికి ప్రైవేటు ఆసుపత్రుల దురాశ ఒక జవాబు. అది నిజమే. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆపరేషన్‌కు డబ్బు కడతాయి గానీ ఆరు నెలలు మందులిచ్చి ఓపిగ్గా చూసే వైద్యానికి కట్టవు అన్నది ఇంకో జవాబు. 2000ల చివర్లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ మెదక్ జిల్లా గ్రామాల్లో తిరిగి ఈ ఆపరేషన్ల గురించి రాసినప్పుడే ఈ చర్చ ఇక్కడ మొదలైంది. కానీ నాకు మూడో జవాబు మీద ఎక్కువ గురి. అది పిల్లల ఆపరేషన్.

ఐదో సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైచిలుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారు. చాలామందికి పాతికేళ్లలోపే అయిపోతుంది. దేశం మొత్తం మీద మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం. జనాభా విధానం దశాబ్దాలపాటు ఆంధ్ర నమూనా అని చెప్పుకున్న విజయం ఇదే. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవైకి ఒక బిడ్డ, ఇరవై రెండుకి ఇంకో బిడ్డ, ఇరవై మూడుకి పిల్లల ఆపరేషన్. ఇక ఆ శరీరంతో ప్రభుత్వానికి పని లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణికి కార్డుంది, బాలింతకు కార్డుంది, బిడ్డకు టీకాల కార్డుంది. పిల్లల ఆపరేషన్ అయిన ముప్పయ్యేళ్ల స్త్రీకి రక్తం ఆగకపోతే చూపించుకోవడానికి అక్కడ ఏముంది? ఐరన్ మాత్రలు. ట్రానెక్సామిక్ యాసిడ్ లాంటి మాత్రలు, హార్మోన్ విడుదల చేసే లూపు, కణితి ఉంటే కణితి మాత్రమే తీయడం, ఇవన్నీ వైద్యంలో ఎప్పటినుంచో ఉన్నాయి. ఆమెకు అందుబాటులో ఉన్నది మాత్రం అయితే ఐరన్ మాత్ర, లేకపోతే కత్తి. ఆ మధ్యలో ఉండాల్సిన వైద్యం మొత్తం లేదు. ఈ ఖాళీని చూడకుండా ‘అనవసరం’ అంటే, కత్తి కూడా వద్దు, ఐరన్ మాత్రతో సరిపెట్టుకో అని చెప్పినట్టవుతుంది.

భయం మాట కూడా చెప్పుకోవాలి. ‘లోపల పుండుంది, క్యాన్సర్‌గా మారుతుంది.’ ఈ వాక్యం తెలుగునాట ఎన్ని లక్షలసార్లు పలికి ఉంటారో! గర్భాశయ ముఖద్వారం దగ్గర ఎర్రగా కనిపించే భాగం చాలామంది ఆరోగ్యవంతులైన స్త్రీలలో ఉండేదేనని, దాన్ని పుండు అనడమే తప్పని వైద్య విద్యార్థికి కూడా తెలుసు. నిజంగా క్యాన్సర్ భయం ఉంటే చేయాల్సింది పరీక్ష. 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్లు ఐదో సర్వే నాటికి దేశంలో 2 శాతానికి మించలేదు. క్యాన్సర్ ఉందో లేదో చూడడానికి లేని తొందర సంచి కోసేయడానికి ఉంది.

పరిశోధన మొత్తాన్ని తిట్టడానికి కూర్చోలేదు నేను. మనకు దారి చూపినవి ఉన్నాయి. గడ్చిరోలిలో రాణీ బంగ్, ఆమె సహచరులు రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో లాన్సెట్‌లో ప్రచురించిన అధ్యయనం గురించి ఈ పత్రిక చదివేవాళ్లు వినే ఉంటారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది. అంతకు ముందు ఎప్పుడైనా ఆ పరీక్ష జరిగినవారు 8 శాతం. జనాభా నియంత్రణ తప్ప స్త్రీల ఆరోగ్యంలో వేరే విషయం లేదనుకున్న రోజుల్లో ఆ అంకె ప్రపంచాన్ని కుదిపింది. అయితే ఆ అంకెనే చేతబట్టుకుని, ఇంత జబ్బు ఉందంటే అంత కోత కావాలి అనుకునేవాళ్లూ తయారయ్యారు. ఒక స్త్రీవాద పరిశోధన మార్కెట్టు చేతిలో పడి ఎలా తిరగబడగలదో అది నేర్పుతుంది.

దాని పక్కన గోవా అధ్యయనాలు పెట్టి చదవాలి. విక్రమ్ పటేల్ బృందం అక్కడ 18 నుంచి 50 ఏళ్ల స్త్రీలు దాదాపు 2,500 మందితో పనిచేసి 2005లో రెండు వ్యాసాలు ప్రచురించింది. ఒకటి తెల్లబట్ట మీద, రెండోది నీరసం మీద. తెల్లబట్ట అవుతోందన్న ఫిర్యాదులో అంటురోగాల పాత్ర కొద్దిగానే ఉంది. మానసిక వేదనతో దానికున్న సంబంధం గట్టిది. ఆరు నెలలకు పైగా నీరసంగా ఉందన్న స్త్రీలు 12 శాతం. రక్తంలో హిమోగ్లోబిన్‌కూ ఆ నీరసానికీ సంబంధం కనబడలేదు. దేనితో కనబడిందంటే అప్పులతో, గత మూడు నెలల్లో ఆకలితో ఉండడంతో, భర్త లైంగిక హింసతో, పుట్టెడు దిగులుతో.

ఈ ఫలితాన్ని ఎలా చదువుతామన్నదే అసలు పరీక్ష. ‘చూశారా, జబ్బేమీ లేదు, అంతా మనసులోనే’ అని ఒక డాక్టరు చదవగలడు. చదువుతున్నారు కూడా. మనసులో ఉందంటే లేదన్నట్టే మన ఆసుపత్రుల్లో. కానీ అధ్యయనం చెబుతున్నది మనసు గురించి కాదు, ఇంటి గురించి. అప్పు ఇంట్లో ఉంది, ఆకలి ఇంట్లో ఉంది, హింస పడకగదిలో ఉంది. ‘తెల్లబట్ట అవుతోంది, నడుం లాగేస్తోంది, నీరసం’ అని ఆమె చెప్పే వాక్యం రోగలక్షణాల జాబితా కాదు, ఒక కథ. మొగుడు బలవంతం చేస్తున్నాడని డాక్టరుతో చెప్పడానికి భాష లేనిచోట తెల్లబట్ట అని చెప్పడానికి భాష ఉంది. ఆ కథ విని ఆయన గర్భసంచి తీసేస్తాడు. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’లో ఇల్లు అలుకుతూ అలుకుతూ గృహిణి తన పేరు మరిచిపోతుంది. అది రూపకమని తరగతి గదుల్లో చెప్పుకుంటున్నాం. ఔట్ పేషెంట్ విభాగం ముందు వరసలో ‘ఏమిటమ్మా బాధ’ అంటే ‘ఏమోనండి, నీరసం’ అనే స్త్రీని చూస్తే అది రూపకంగా అనిపించదు.

ఇటువంటి చర్చ ఎక్కడ జరిగినా చివరకు ‘స్త్రీలలో అవగాహన కల్పించాలి’ అన్న తీర్మానం చేసి టీ తాగుతారు. గుజరాత్‌లో ‘సేవా’ సంఘం వాళ్లు దీన్ని నిజంగా పరీక్షించి చూశారు. వాళ్ల ఆరోగ్య బీమాలో క్లెయిములు ఎక్కువ వచ్చేవి మూడింటికి: విరేచనాలు, జ్వరం, గర్భసంచి తీసివేత. సంఘం ఆరోగ్య కార్యకర్తలు కొన్ని ప్రాంతాల్లో ఈ మూడింటి మీద స్త్రీలకు విద్య చెప్పారు, మిగతాచోట్ల చెప్పలేదు. సప్నా దేశాయ్, ఆమె సహపరిశోధకులు 2017లో ప్రచురించిన ఫలితం: క్లెయిములు తగ్గలేదు. ఈ ఫలితాన్ని దాచకుండా అచ్చువేసినందుకు వాళ్లకు నమస్కారం చెప్పాలి. దీన్నిబట్టి స్త్రీలు మొద్దులని కాదు అర్థం. తెలుసుకున్నా వెళ్లడానికి ఇంకో చోటు లేదని. రక్తం పోతున్న మనిషికి ‘ఆపరేషన్ వద్దమ్మా’ అన్నది జ్ఞానమే. కానీ ‘మరి ఏం చేయమంటావు’ అని ఆమె తిరిగి అడిగితే జవాబు ఆరోగ్య కార్యకర్త సంచిలో ఉండాలి కదా.

ఎంపిక అన్న మాట మనకు ఇష్టమైన మాట. అందుకని బీడ్ గురించి చెప్పకుండా తప్పించుకోలేను. మహారాష్ట్రలోని ఆ జిల్లా నుంచి చెరకు కోతకు వలస వెళ్లే స్త్రీల గురించి 2019లో వార్తలు వచ్చాక, ప్రభుత్వం వేసిన కమిటీ సర్వేలో 82 వేల పైచిలుకు స్త్రీలలో 13 వేల మందికి పైగా గర్భసంచి తీయించుకున్నవారని తేలింది. అక్కడ మొగుడూ పెళ్లాలను కలిపి ఒక జంటగా లెక్కగట్టి అడ్వాన్సు ఇస్తారు. ఒకరు ఒక్క రోజు మానినా కోత పడుతుంది. తోటలో మరుగుదొడ్డి లేదు, నీళ్లు లేవు. ముట్టయితే గుడ్డ మార్చుకునే చోటు లేదు. ‘తీయించుకుంటే ఏ గొడవా ఉండదు’ అని ఆమె తనంతట తానే నిర్ణయించుకుంది. ఆమెను బాధితురాలు అందామా, నిర్ణయం తీసుకున్న వ్యక్తి అందామా? రెంటిలో ఏ ఒక్కటన్నా ఆమెకు అన్యాయమే అనిపిస్తుంది నాకు. ఆమె లెక్క సరైనదే. ఆ లెక్క వేయాల్సిన పరిస్థితి తప్పు. గర్భస్రావం హక్కు గురించి ‘నా శరీరం నా ఇష్టం’ అని గట్టిగా అన్న మనం, అదే నినాదం ఒక కూలి స్త్రీ నోట ‘నా సంచి నా ఇష్టం, తీసేయండి’ అని వినబడినప్పుడు తడబడుతున్నాం. తడబడడం మంచిదే. ఆ తడబాటును వ్యాసాల్లో రాయకుండా ‘అవగాహనారాహిత్యం’ అని దాటేయడం మంచిది కాదు.

ఈ విషయంలో మన దగ్గర ఒక పుస్తకం ఉంది. 1991లో వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’. బోస్టన్ స్త్రీల బృందం 1970లో చిన్న పుస్తకంగా మొదలుపెట్టి 1973లో పెద్దగా తెచ్చిన ‘అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్’ ప్రేరణ దాని వెనుక ఉన్నా, అది అనువాదం కాదు. పోషకాహారం మీద జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన వీణా శత్రుఘ్న వంటివారు, స్త్రీల ఉద్యమంలో ఉన్నవారు కలిసి, ఇక్కడి ఆడవాళ్లు అడిగే ప్రశ్నల నుంచి తయారు చేశారు. దాని గొప్పతనం సమాచారం కాదు, స్వరం. డాక్టరు పైనుంచి చెప్పే గొంతు కాకుండా పక్కింటి అక్క గొంతుతో వైద్యం మాట్లాడింది. మన విమర్శకులు కథనీ కవితనీ తూచినంత శ్రద్ధగా ఆ తెలుగును ఎవరూ తూచలేదు. ఏ మాటకు సంస్కృతం వాడారు, దేనికి ఇంగ్లీషే ఉంచారు, సిగ్గు పడే మాట దగ్గర ఏం చేశారు అన్నవి స్త్రీవాద సాహిత్య విమర్శ అడగాల్సిన ప్రశ్నలే. తెలుగు శాఖల్లో పరిశోధక విద్యార్థినులు ఎవరైనా చేస్తే బాగుండు.

కానీ ఆ పుస్తకం కాలానికి ఆరోగ్యశ్రీ లేదు, వీధివీధికీ స్కానింగ్ సెంటర్ లేదు, కేంద్రం మార్గదర్శకాలు లేవు, ఆపరేషన్ అయిపోయి పదేళ్లు గడిచిన ఇన్ని లక్షలమంది లేరు. ఈ చివరివాళ్ల సంగతి ఇప్పటి పరిశోధన కూడా పట్టించుకోవడం లేదు. ఆపడం ఎలా అన్నదాని మీదే దృష్టంతా. 2017–18లో 45 ఏళ్లు దాటినవారితో జరిగిన వృద్ధాప్య సర్వేలో సుమారు 11 శాతం స్త్రీలు గర్భసంచి తీయించుకున్నవారే. వాళ్లకు మార్గదర్శకాలు రాసినవాళ్లు చెప్పేదేమిటి? ఎముకల పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలి, బి.పి. ఎంత తరచుగా చూపించుకోవాలి, అండాశయాలు లేనివాళ్లకు హార్మోన్లు ఇవ్వాలా, ఏ వయసు దాకా? ‘మీకు జరిగింది అనవసరం’ అని చెబితే వాళ్లు ఏం చేసుకోవాలి దాన్ని?

కొత్త కూర్పు వేసేవాళ్లుంటే నా విన్నపం చిన్నది. డిశ్చార్జి కాగితం చదవడం మీద ఒక పేజీ పెట్టండి. ఆ ఆరు ఇంగ్లీషు అక్షరాలు తెలుగులో, వాటి పక్కన గర్భసంచి, అండాశయాలు, నాళాల బొమ్మ, ఏవి తీస్తే ఏ అక్షరాలు రాస్తారో బాణం గుర్తులతో. చింపి ప్లాస్టిక్ కవర్లో రేషన్ కార్డు పక్కన పెట్టుకోవడానికి వీలుగా, ఒకవైపే అచ్చువేయండి.